అడవి అంచున అగ్ని, ఊరి చేతిలో లెక్క
(స్మారకోపన్యాసము)



కొత్తగూడెము మొదలుకొని కిన్నెరసాని అభయారణ్యము మీదుగా భద్రాచలము దాక వ్యాపించిన వనసీమయందు, మాఘమాసమున ఆకు రాలినది మొదలు వైశాఖము వెళ్లువరకు ఏటేటా ప్రాకుచుండు కార్చిచ్చును ఎదుర్కొనుటకు అచ్చటి పల్లెలకు బలమును తెలివియు కలవనియు, లేనిది తమ పనికి తామే ధనమడిగి, తెచ్చి, లెక్క చెప్పగల నేర్పు మాత్రమే యనియు నేను నమ్ముదును.

ఇప్పపూవు రాలు దినములలో చెట్టు క్రింద ఎండుటాకు దట్టముగా పరచుకొని యుండుటచే పూవు కంటికానదు. ఏరుకొన వచ్చినవారు వేకువనే ఆ ఆకును కాల్చుదురు. తునికి పొదలకు లేతచిగురు రావలెనని కొందరు నిప్పు పెట్టుదురు. ఏబది ఆకులు ఒక కట్ట, వేయి కట్టలు ఒక ప్రమాణ సంచిగా కొలువబడు ఆ ఆకే వేసవిలో కోయ కుటుంబమునకు కంటబడు రొక్కము. ఇట్టివారిని దోషులనుట తేలిక. పూవు పట్టుటకు ఇప్పచెట్టు క్రింద పరచు వల యిచ్చుట మేలు.

ధనమునకు మార్గములు లేకపోలేదు. 60 పాళ్లు కేంద్రమును 40 పాళ్లు రాష్ట్రమును భరించు అటవీ అగ్ని నివారణ, నిర్వహణ పథకము 2017 నుండి కలదు. 2016 నాటి పరిహార వనీకరణ నిధి చట్టమును కలదు. అడవిని కాపాడుకొను అధికారమును గ్రామసభకు 2006 నాటి అటవీ హక్కుల చట్టపు 5వ సెక్షను ఇచ్చినది. అందులకు సంఘమును ఏర్పరచి ప్రణాళిక వ్రాయించుకొనవచ్చునని 2012 నాటి నియమ సవరణ స్పష్టపరచినది. ఇంత యుండియు పల్లెవాడు ఈ ధనమునకు దినకూలిగానే ఎదురుపడుచున్నాడు. ఉమ్మడి రాష్ట్రమున 1992 నుండి వనసంరక్షణ సమితులు వెలసి, 2002లో ప్రపంచ బ్యాంకు ఋణముతో సామాజిక అటవీ యాజమాన్యముగా విస్తరించినను, సూక్ష్మప్రణాళికను వ్రాసిన చేయి తరచు ఊరిది కాకుండుటయే ఆ ప్రయత్నపు లోపమని నా తలంపు.

ఇంకొక చిక్కు పంచాంగమునకు సంబంధించినది. మార్చి 31న లెక్కలు ముగియును. అగ్ని ఋతువు మాత్రము ఫిబ్రవరి, మార్చి ఒక ఆర్థిక సంవత్సరమునను, ఏప్రిలు, మే మరియొకదానను పడి, మంట ముదురు వేళనే సర్కారు ఖాతా మారును. కనుక అడిగెడువాడు రెండు సంవత్సరములకును ముందుగానే అడుగవలయును. మంట దాటకుండ నేల చెక్కి తీయు ఫైర్ లైన్లు జనవరిలోగా సిద్ధము కావలయును.

అందుచేత ప్రతి గ్రామసభనుండి చదువుకొన్న ఒక యువతిని, ఒక యువకుని ఎన్నుకొని, భద్రాచలమందలి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఆధ్వర్యమున నేర్పవలసినవి ఇవి: లైను పొడవు వెడల్పులను అడుగులు వేసి కొలుచుట, కూలిదినములను అంచనా కట్టుట, ఉపగ్రహ హెచ్చరిక ఫోనునకు రాగానే ఎవరు ఏ దారిన పోవలయునో పట్టిక వ్రాయుట, మస్టరు నింపుట, వినియోగ ధ్రువపత్రము వేళకు పంపుట. ఈ పత్రము అందనిదే తరువాతి వాయిదా కదలదు. ఎంత చక్కని పనియైనను అచ్చటనే నిలిచిపోవును. నమూనా పత్రములన్నియు తెలుగున ఉండవలయును. వాటిని గ్రామసభలో కోయభాషలో చదివి వినిపింపవలయును. సొమ్ము ఉమ్మడి సంతకముతో గ్రామసభ ఖాతాలోనే పడవలయును. రాబోవు దసరాలోగా పది పల్లెలలోనైన ఈ శిక్షణ మొదలుపెట్టుడని ఈ వేదికనుండి సంస్థవారిని కోరుచున్నాను.