పాత పత్రికల రక్షణము

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఇట్టి సభలయందు వసతిగృహములను గూర్చియు, విద్యార్థివేతనములను గూర్చియు ప్రసంగించుట మనకు వాడుక. నేడు నేను పాతకాగితములను గూర్చి మనవిచేయ సాహసించుచున్నాను.

మన పెద్దలు ఏ సభలో నేమి తీర్మానించిరో, ఏ యూర బడి పెట్టించిరో, ఎవరి యౌదార్యముచే నెవరు చదువుకొనిరో తెలుపునవి నాటి పత్రికలే. శాసనములు రాజుల చరిత్రను చెప్పును. సామాన్యగృహస్థుల చరిత్ర పత్రికలలో నున్నది. 1902లో మచిలీపట్టణమున కృష్ణాపత్రికయు, 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికయు, 1926లో హైదరాబాదున గోలకొండపత్రికయు వెలసినవి. ఇవిగాక కులసంఘములు నడపిన చిన్నపత్రికలెన్నియో పుట్టి, కొలదికాలమునకే నిలిచిపోయినవి. పెద్దపత్రికలను గ్రంథాలయములు కొంతవరకు దాచినవి. 1918లో స్థాపితమైన వేటపాలెపు సారస్వతనికేతన మిందుకు ప్రసిద్ధము. చిన్నపత్రికలకు మన యిండ్ల యటుకలే దిక్కు.

పత్రికాకాగితము స్వభావముచేతనే అల్పాయుష్కము. కొయ్యను యంత్రములతో నూరిచేసిన గుజ్జునందు లిగ్నిన్ అను పదార్థము మిగిలియుండును. వెలుతురును గాలియు సోకగా కాగితము పసుపువన్నెకు తిరుగును. ఆమ్లము దాని నారను క్షీణింపజేయును. తుదకు పుట ముట్టినంతనే అప్పడమువలె విరుగును. చెమ్మయు చెదలును దీనికి తోడగును.

దీనికి విరుగుడు మైక్రోఫిల్ము. 35 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్ముపై ప్రతిపుటకును మిక్కిలి చిన్న ఛాయాచిత్రము తీయుదురు. 1938లోనే హార్వర్డు విశ్వవిద్యాలయమువారు విదేశపత్రికల నిట్లు చిత్రింపనారంభించిరి. పాలియెస్టరు ఫిల్మును నియమానుసారముగా సిద్ధపరచి, చల్లని పొడిచోట నుంచినచో సుమారు 500 ఏండ్లు నిలుచునని నిపుణుల యంచనా. మూలఫిల్మును ముట్టక భద్రపరచి, దాని నకలునే పాఠకులకిత్తురు. కంప్యూటరు ప్రతిలో వెదకుట సులభమే. కాని యంత్రములు మారినకొలది దానిని మార్చుచుండవలెను. ఫిల్మును చదువుటకు దీపమును భూతద్దమును చాలును. కావున రెండును కావలయును.

ఇచట నొక్క హెచ్చరిక. ఫిల్ము తీసిన పిమ్మట మూలప్రతులను వదలించుకొనిన గ్రంథాలయములు పాశ్చాత్యదేశములందు కలవు. తరువాత చూడగా కొన్ని ఫిల్ములలో పుటలు మసకబారియు, సంచికలు లోపించియు నుండెను. 2001లో నికల్సన్ బేకరు 'డబుల్ ఫోల్డ్' అను గ్రంథమున ఈ పద్ధతిని తీవ్రముగా ఖండించెను. ఫిల్ము కాగితమునకు తోడే గాని మారు గాదు.

ఇక నా దోషమును దాచను. మా తాతగారు కట్టలుగట్టి దాచిన సంఘపత్రికలను, ఇంటికి సున్నము వేయించునాడు నేనే తూకమునకిచ్చితిని. ఆ సొమ్ముతో నేమి కొంటినో నేడు జ్ఞాపకమైనను లేదు. పిమ్మట సంఘచరిత్ర వ్రాయబూని, ఆ సంచికలకై యూరూర తిరిగితిని, ఒక్కటియు దొరకలేదు. నావలె మరియొకరు పశ్చాత్తాపపడకుండుటకే ఈ మాటలు.

కావున నా ప్రార్థన యిది. ఇల్లు చేరినంతనే అటుకలు వెదకుడు. దొరికిన సంచికల పట్టికను సంఘకార్యాలయమునకు పంపుడు. ఒకరియింట లోపించినది మరియొకరియింట దొరకవచ్చును. సంవత్సరక్రమమున కూర్చి, ఫిల్ము తీయించి, మూలములతోగూడ మంచి గ్రంథాలయమున కప్పగింతము. పోషకమహాశయులు భవనములకిచ్చు విరాళములలో కొంతభాగము దీనికి కేటాయించినచో, తమ తాతల పేర్లను తామే నిలిపినవారగుదురు.