త్రోయలో విడిచిన అంగీ



2018 క్రిస్మస్ ముగియగానే మన నవాబుపేట నుండి ఒక కుటుంబం చికాగోకు తరలివెళ్లింది. పచ్చళ్లు కట్టి, ప్రార్థించి సాగనంపాము. శాలువతో గడిచిపోయే చలి మనది; కోట్ల మాట ఎవరికీ తోచలేదు, కాపరినైన నాకు కూడా. జనవరి 30న అక్కడ చలి సున్నాకు దిగువన 30 డిగ్రీలకు చేరింది.

ఆ తల్లి ఫోనులో ఏడ్చింది: "పిల్లగానికి స్వెట్టరే ఉంది అయ్యగారూ. ఈడ సంఘంలో అడగాలంటే సిగ్గయితుంది. అడిగితే విశ్వాసం లేనట్టేనా?"

రెండవ తిమోతి 4వ అధ్యాయం తెరవమన్నాను. చెరలోనున్న పౌలు, త్రోయలో కర్పు దగ్గర విడిచిన అంగీని తెమ్మని, శీతకాలం రాకముందే రమ్మని తిమోతిని బతిమాలాడు. అంతటి విశ్వాసవీరుడు!

మరుసటి ఆదివారం ఆమె నోరు తెరచి అడిగింది. కోటు దొరికింది. కొంచెం పెద్దదే; మరుసటి ఏడాదికీ పనికివచ్చింది.