యంత్రం వేసే ప్రణాళిక, దాని నిరూపణ
(ప్రసంగ పాఠం)



కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఛాంపియన్ రీఫ్ గనిలోకి కేజి దిగిన తీరు ఈ ఊరి పెద్దలు ఎరుగనిది కాదు. తలుపు మూసి ఉండాలి. గంట సంకేతం అందాలి. అటుపిమ్మటే ఇంజను కదలాలి.

కంప్యూటరు చేత ప్రణాళిక వేయించే శాస్త్రానికి ఇటువంటి క్రమమే అక్షరాభ్యాసం. 1971లో అమెరికా శాస్త్రజ్ఞులు ఫైక్స్, నిల్సన్ 'స్ట్రిప్స్' అనే పద్ధతిని ప్రకటించారు. అందులో ప్రతి పనికీ మూడు పట్టీలు: పనికి ముందు నిజమై ఉండవలసినవి, పని జరిగాక కొత్తగా నిజమయ్యేవి, ఇక నిజం కాకుండా పోయేవి. మనుషులు మరచేది మూడవ పట్టీనే. కేజి అడుగుకు చేరిందని వ్రాసి, పైన లేదని వ్రాయకపోతే, యంత్రం లెక్కలో అది రెండు చోట్లా ఉంటుంది. పై తలుపు తెరవవచ్చునని యంత్రం నిశ్చయిస్తుంది. ఆ తలుపు అవతల ఉన్నది శూన్యం.

అంతకు ముందే, 1969లో, కార్డెల్ గ్రీన్ మరొక విశేషం చూపారు. కోరిన స్థితికి చేరడం సాధ్యమని తర్కంతో నిరూపిస్తే, చేయవలసిన పనుల వరుస ఆ నిరూపణలోనే దొరుకుతుంది. ప్రోగ్రాముకూ ఇదే దారి. వినడానికి సులభమే గాని, సమస్య పెరిగేకొద్దీ ఆ వెదుకులాట ఎంతటి యంత్రాన్నైనా అలసిపోజేస్తుంది.

ఈ రంగంలో ప్రసిద్ధులైన తెలుగువారు ఆచార్య కంభంపాటి సుబ్బారావు. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి, ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 2016 నుండి 2018 వరకు కృత్రిమ మేధా శాస్త్రజ్ఞుల సంఘమైన ఏ.ఏ.ఏ.ఐ.కి అధ్యక్షులుగా ఉన్నారు. అడిగినదే తడవుగా ప్రణాళికలూ ప్రోగ్రాములూ వ్రాసిచ్చే భాషా నమూనాలు వచ్చాక, ఆయన బృందం వాటిని దిమ్మెలు పేర్చే చిన్న సమస్యలతో పరీక్షించింది. నాటి నమూనాలు తరచు తప్పాయి. తర్కాన్ని మార్చక, పనుల పేర్లు మాత్రం మార్చితే మరింత తప్పాయి! మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు కొలువులకు వెళ్ళే యువకులకు ఇది దూరపు సంగతి కాదు. యంత్రం వ్రాసిన ప్రోగ్రాము రేపు వారి సంతకంతోనే బయటికి వెళ్తుంది.

2024లో ఆ బృందం సూచించిన ఉపాయం ఇది: నమూనా ప్రతిపాదించాలి, విడిగా ఉన్న పరీక్షా యంత్రాంగం దానిని సరిచూడాలి, తప్పయితే తిప్పి పంపాలి. పరీక్షించడానికి ఆ మూడు పట్టీలు ఉండాలి కదా! వాటిని వ్రాయడానికీ నమూనాల సాయం పొందవచ్చు. అయితే పని తెలిసిన మనిషి దిద్దాలి. కేజి విషయంలో ఆ మనిషి ఏళ్ళ తరబడి షాఫ్టు దగ్గర గంట కొట్టినవారే కావచ్చు.