నిదానమెఱిగిన పిదపనే చికిత్స



నలుబదియైదేండ్లు దాటిన స్త్రీకి రక్తస్రావము క్రమము దప్పినచో మన యిండ్లలో రెండు మాటలే వినవచ్చుచున్నవి. ‘వయసు మార్పు, దానంతటదే పోవును’ అనునది మొదటిది; ‘గర్భసంచి తీయించివేయుడు’ అనునది రెండవది. ఈ రెంటి నడుమ ‘కారణమేమి?’ అను ప్రశ్న లోపించినది.

సుశ్రుతుడు ఋతుకాలము పండ్రెండేండ్లకు మొదలై ఏబదియేండ్లకు క్షయించునని చెప్పి, అక్రమస్రావమును అసృగ్దరమని వేఱు రోగముగా నెంచెను. 2011లో అంతర్జాతీయ స్త్రీవైద్యసమాఖ్య దీని కారణములను 9 తరగతులుగా విభజించెను. గడ్డలు, క్యాన్సరు, అండము సకాలమున విడుదల కాకుండుట పలువు రెఱిగినవే. అరుదైనవానిలో కొన్ని గర్భాశయమున కావలనే యుండును. రక్తము గడ్డకట్టు శక్తి పుట్టుకతోనే కొఱవడుట యొకటి. దానిలో ముఖ్యమైనదానిని 1926లో ఫిన్లండు వైద్యుడు ఫాన్ విల్లెబ్రాండు వర్ణించెను. చిన్ననాట ముక్కునుండి రక్తము కాఱుట, పన్ను తీయించిన పిదప రక్తము నిలువకుండుట దీని గుఱుతులు. థైరాయిడు మాంద్యము, గుండెజబ్బునకు వాడు రక్తము పలుచన జేయు మందులు, రొమ్ము క్యాన్సరునకిచ్చు టామోక్సిఫెన్ మాత్రలు, గర్భాశయ క్షయ, మఱచిపోయిన కాపర్-టి, పూర్వపు సిజేరియను మచ్చ, ఇవియు కారణములు కావచ్చును. రక్తదోషమునకు గర్భసంచిని తీసినచో స్రావమాగునేగాని మూలము చెడదు. శస్త్రసమయముననే రక్తము నిలువక ప్రాణాపాయము గలుగవచ్చును.

2015–16 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2, మన యాంధ్రప్రదేశమున 8.9. శస్త్రము అవశ్యమైన సందర్భములు కలవు. కాని యదియే మొదటి చికిత్స కారాదు.

సంస్కృతమున నిదానమనగా మూలకారణము, తెలుగున నెమ్మది. మూలము వెదకుటకు త్వరపడవలెను, శస్త్రమునకు నిదానింపవలెను.

సోదరీమణులారా! స్రావమైన తేదీలు పంచాంగమున గుఱుతు పెట్టుకొనుడు. వాడు మందులన్నియు వైద్యునికి జూపుడు. ముట్లుడిగి యేడాది గడచిన పిదప ఒక్క చుక్క కనబడినను, గంటగంటకు గుడ్డ తడిసిపోవుచున్నను సిగ్గుపడి జాగుచేయవలదు.

మచిలీపట్టణమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. పామర్రు, దివిసీమ పల్లెలనుండి బీదస్త్రీలు అచటికేగి పరీక్షలు చేయించుకొనుటకు దారిబత్తెమును, పరీక్షావ్యయమును మన దాతలు భరింతురేని, సత్రము కట్టించిన పుణ్యమునకు అది యేమాత్రమును దీసిపోదని విన్నవించుచు విరమించుచున్నాను.