పాత ట్రాక్టరుకు కొత్త కంట్రోలరు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "అమెరికా వెళ్ళొచ్చారుగా, అక్కడి విశేషాలు నాలుగు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం ఫొటోలు మీ పిల్లలు కూడా పంపే ఉంటారు. అందుచేత నేను మన వృత్తికి దగ్గరైన సంగతి ఒకటి చెబుతాను. ఇది ఒక పాత కరెంటు ట్రాక్టరు కథ. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఉంది. అది చెప్పడానికే ముఖ్యంగా ఈ మైకు ముందుకు వచ్చాను.

మా అబ్బాయి న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర ఉంటాడు. మూడేళ్ల క్రితం వేసవిలో మేమిద్దరం అక్కడికి వెళ్ళాం. వాళ్ళ పక్కింట్లో ఎనభై దాటిన పెద్దాయన ఒక్కరే ఉంటారు. భార్య పోయారు. ఇంటి చుట్టూ ఎకరం పైన గడ్డి. వేసవిలో గడ్డి కోయాలి, చలికాలంలో మంచు తొయ్యాలి. ఆ రెండు పనులూ ఆయన ఒక చిన్న ట్రాక్టరు మీద కూర్చుని చేసుకునేవారు. ఆ ఏడాది ట్రాక్టరు ఆగిపోయింది. పిల్లలేమో ఇల్లు అమ్మేసి వృద్ధుల వసతి గృహానికి రమ్మంటున్నారు. "ఇది నడిస్తే నేను ఇక్కడే ఉంటాను" అని ఆయన మా అబ్బాయితో అన్నారట. మావాడు "మా నాన్నగారు కరెంటు ఇంజన్లు బాగుచేసినవారే" అని చెప్పాడు. అలా నేను ఇరుక్కున్నాను.

ఆ ట్రాక్టరు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి ఎలెక్-ట్రాక్. 1970 దశకం తొలి సంవత్సరాల్లో వాళ్ళు దీన్ని ఆల్బనీ పక్కనే ఉన్న షెనెక్టడీలో తయారు చేశారు. దశకం మధ్యలో ఆ వ్యాపారాన్ని వీల్ హార్స్ అనే కంపెనీకి అమ్మేశారు. ఇందులో పెట్రోలు లేదు, పొగ లేదు. ఒక్కొక్కటి 6 వోల్టుల బ్యాటరీలు ఆరు, మొత్తం 36 వోల్టులు. ఒక్కో బ్యాటరీ సుమారు 28 కిలోలు. గడ్డి కోసే మూడు బ్లేడ్లకూ మూడు వేరు వేరు మోటార్లు. యాభై ఏళ్ల నాటి బండి అయినా ఇనుము చెక్కు చెదరలేదు. నడిపించే మోటారు విప్పి చూస్తే కమ్యుటేటరు రాగి రంగులో నిగనిగలాడుతోంది. బ్రషులు మార్చితే చాలు.

పాడైనదల్లా వేగాన్ని అదుపు చేసే భాగమే. తక్కువ వేగానికి ఆర్మేచరుతో సిరీస్‌లో రెసిస్టెన్సులు, ఎక్కువ వేగానికి ఫీల్డు తగ్గించడం. మన షెడ్డువాళ్ళకు వింటూంటేనే పాత వాసన వస్తుంది. కాంటాక్టర్ల మొనలు కాలిపోయాయి. ఫీల్డు చూసుకునే కార్డు చచ్చిపోయింది. అలాంటిది కొత్తది దొరకదు.

ఇంట్లో ఆడవాళ్ళకూ పిల్లలకూ అర్థమయ్యేట్టు చెబుతాను. పూర్వం మన ఇళ్ళలో ఫ్యాను రెగ్యులేటరు పెద్ద డబ్బాలా ఉండేది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే డబ్బా వేడెక్కేది. మిగిలిన కరెంటు అందులో వేడిగా పోయేది. ఈ ట్రాక్టరుదీ అదే పద్ధతి. కొత్త కంట్రోలరు అలా కాదు. స్విచ్చిని సెకనుకు వేలసార్లు వేసి తీస్తున్నట్టుగా పనిచేస్తుంది. ఎంతసేపు వేసి ఉంచితే మోటారుకు అంత వోల్టేజి. కాల్చి పారేసేది బహు స్వల్పం. 1990 దశకం మధ్యలో మన రైల్వేలకు త్రీఫేజ్ ఇంజన్లు వచ్చినప్పుడు, టాప్ ఛేంజరు లేకుండా బండి ఎలా కదులుతుందా అని మనలో కొందరం నోరు తెరిచి చూశాం కదా. ఆ విద్యకు ఇది చిన్న తమ్ముడనుకోండి.

గోల్ఫు బండ్లకు వాడే 300 ఆంపియర్ల కంట్రోలరు ఒకటి తెప్పించాం. ముందుగా బ్యాటరీ దగ్గర ఫ్యూజు, చేత్తో లాగితే ఊడివచ్చే డిస్కనెక్టు పెట్టాం. కంట్రోలరులో కెపాసిటర్లు ఉంటాయి. వాటిమీద ఒక్కసారిగా 36 వోల్టులు పడితే మెయిన్ కాంటాక్టరు మొనలు వెల్డు అయిపోతాయి. అందుకని కాంటాక్టరుకు అడ్డంగా చిన్న రెసిస్టరు కట్టి, కెపాసిటర్లు మెల్లగా నిండేటట్టు చేశాం. వేగం లీవరుకు 5 కిలో ఓముల పొటెన్షియోమీటరు బిగించాం. బండి ఆగితేగాని వెనక గేరు కాంటాక్టర్లు పడకుండా మైక్రోస్విచ్చి పెట్టాం. ఫీల్డుకు మాత్రం బ్యాటరీ నుంచి వేరే సరఫరా ఇచ్చాం. పూర్తి ఫీల్డు మీద పై వేగం కొంత తగ్గుతుంది కాని గడ్డి కోతకు అది చాలు.

ఇక పరీక్ష. నాకు తొందర. "నేల మీదే మెల్లగా కదిపి చూద్దాం" అన్నాను. ఆ పెద్దాయన ఒప్పుకోలేదు. "ముందు చక్రాలు గాలిలో" అని, ఆ వయసులో వంగి జాకీ వేసి, వెనక ఇరుసు కింద స్టాండ్లు పెట్టారు. నేను మనసులో నవ్వుకున్నాను. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు నాది!

లీవరు ఒక్క వేలెడు జరిపాను. చక్రాలు కదిలాయి. మరుక్షణం మోటారు కూత మొదలుపెట్టింది. లీవరు వెనక్కి లాగాలన్న స్పృహ నాకు రాకముందే చక్రాలు కంటికి కనపడని వేగం అందుకున్నాయి. పెద్దాయన డిస్కనెక్టు లాగేశారు. అప్పుడు తల ఎత్తి చూశాను. ట్రాక్టరుకు ఎదురుగా, గ్యారేజీ తలుపు దగ్గర, మా మనవడు నిలబడి ఉన్నాడు.

మిత్రులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు ఏమిటంటే, ఫీల్డు వైరు చివర లగ్గు నేను సరిగా నొక్కలేదు. వైరు లోపల వదులుగా ఉంది. మీటరు పెట్టి సరఫరా వైపు చూశాను, 36 వోల్టులు చూపించింది, సరే అనుకున్నాను. వోల్టేజి చూశానుగాని కరెంటు చూడలేదు. తెగిన దారిలోనైనా వోల్టేజి నిలబడే ఉంటుంది. ఈ మాట నేనే ఎందరో అప్రెంటిసులకు చెప్పాను. ఫీల్డు ఉన్నంతవరకు మోటారు తిరుగుతూ తనలోనే ఎదురు వోల్టేజి పుట్టించుకుని ఒక వేగం దగ్గర నిలుస్తుంది. ఫీల్డు పోతే ఆ ఎదురు వోల్టేజి కోసం ఇంకా ఇంకా వేగంగా తిరుగుతుంది. మన సర్వీసంతా సిరీస్ మోటార్లతో గడిచింది. అక్కడ ఆర్మేచరు కరెంటే ఫీల్డులోనూ వెళుతుంది, లోడు పోతే భయం. ఇక్కడ ఫీల్డు వేరు, అది పోతేనే భయం. తెలిసిన విద్యే, కాని అలవాటు కళ్ళు కప్పేసింది.

మర్నాడు లగ్గులన్నీ మళ్ళీ నొక్కి, ఒక్కొక్క వైరూ లాగి చూశాం. ఫీల్డు దారిలో ఒక కరెంటు రిలే పెట్టాం. ఫీల్డులో నిజంగా కరెంటు పారితేనే మెయిన్ కాంటాక్టరు పడుతుంది, పారకపోతే బండి కదలదు. ఆ తర్వాత కావాలనే ఫీల్డు వైరు ఊడదీసి, పదిసార్లు పరీక్షించాం. పదిసార్లూ బండి మొండికేసింది. అంత సంతోషం నాకు ప్రమోషను వచ్చిన రోజున కూడా కలగలేదు. అప్పుడుగాని స్టాండ్లు తియ్యలేదు. మనవణ్ణి మాత్రం మా కోడలు వరండా మెట్లు దిగనివ్వలేదు. అది న్యాయమే.

ఆ వేసవంతా ఆయన గడ్డి తానే కోసుకున్నారు. నేను నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చుకోవడానికి తిరిగి వచ్చేశాను. మంచు పడిన మొదటి వారంలో మా అబ్బాయి వీడియో పంపాడు. ఆయన టోపీ పెట్టుకుని ట్రాక్టరు మీద కూర్చుని వాళ్ళ వాకిలితో పాటు మావాడి వాకిలి కూడా శుభ్రం చేస్తున్నారు. ఇల్లు అమ్మే మాట ఆ ఏటికి ఆగింది.

మనలో చాలామంది ఇంట్లో మోటార్లూ ఇన్వర్టర్లూ సొంతంగా విప్పుతూనే ఉంటారు. చేతికి పని ఉండటం మంచిదే, మానమని చెప్పను. ఒక్కటే కోరుతున్నాను. సర్వీసు ఎన్నేళ్ళయినా సరే, ముందు చక్రాలు గాలిలో పెట్టండి. మనవల్ని దూరంగా ఉంచండి. మీటరులో వోల్టేజి చూసి ఊరుకోకండి, కరెంటు కూడా చూడండి.