పద్నాలుగు నెలల నోటు పుస్తకం

 పట్టాలు అందుకున్న పిల్లలూ,  మీతో తీరిగ్గా చెప్పాల్సిన సంగతి ఒకటుంది.

1984లో నాకు మొదటి కొలువు దొరికింది. అమ్మయార్‌కుప్పం చుట్టుపక్కల నేతగాళ్ల వీధుల్లో రాత్రిబడి నడపడం. మూడేళ్ల పథకం, నలుగురం చేరాం. పద్నాలుగో నెలలో డబ్బు ఆగిపోయింది, పని ఆపేయమని ఒక కార్డు ముక్క వచ్చింది. ఆ రాత్రి మగ్గం గుంట పక్కన కూర్చుని ఓ పెద్దాయన పలక మీద తన పేరు దిద్దుకుంటున్నాడు. ఐదక్షరాల పేరు. మూడు వచ్చాయి, రెండు మిగిలాయి. "రేపట్నుంచి రావా నాయనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రెండక్షరాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగితే చదువుకుంటున్నానని అబద్ధం ఆడేవాణ్ణి. ఆ దిగులులో ఉండగానే చిత్తూరు చరిత్ర ఒకటి నా కంటపడింది. మన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే కదా, కనక ఇది మన ఇంటి కథే అనుకోండి.

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అని ఇంగ్లండులో పళ్ల డాక్టరు ఉండేవాడు. మంచి ప్రాక్టీసు వదిలేసి 1829లో మతప్రచారానికి బాగ్దాదు వెళ్లాడు. 1831లో అక్కడ ప్లేగు, వరద ఒకేసారి విరుచుకుపడ్డాయి. భార్య పోయింది, పసిబిడ్డ పోయింది. జట్టు చెదిరిపోయింది. ఆయన పిల్లలకు చదువు చెప్పడానికి వెంట వెళ్లిన జాన్ కిట్టోకు చెవులు వినపడవు. ఇంగ్లండు తిరిగివెళ్లి, తూర్పుదేశాల్లో కళ్లారా చూసినవన్నీ ఆసరాగా బైబిలు మీద పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత వచ్చి చేరిన ఫ్రాన్సిస్ న్యూమన్ లండనులో లాటిన్ ప్రొఫెసర్ అయ్యాడు. క్రైస్తవ విశ్వాసమే తనకిక లేదని తర్వాత బాహాటంగా రాశాడు. పాతవాళ్లలో కొందరు అతణ్ణి నష్టం కింద రాసుకుని ఉంటారు. నేను అలా రాసుకోను. మనసులో లేనిది ఉన్నట్టు నటించకపోవడానికి చాలా గుండె ధైర్యం కావాలి.

గ్రోవ్స్ 1833లో ఇంజనీరు ఆర్థర్ కాటన్‌తో కలిసి మన దేశం వచ్చాడు. అవును, ధవళేశ్వరం ఆనకట్ట కాటనే. 1836లో మళ్లీ కొత్త జట్టును తెచ్చుకుని, ఆ తర్వాత చిత్తూరులో కాపురం పెట్టాడు. జట్టు తిండి జట్టే సంపాదించుకోవాలని పట్టుపురుగుల పెంపకం చేపట్టి నష్టపోయాడు. ఆ జట్టూ నిలవలేదు. అందులోని విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. వాళ్లిద్దరూ మచిలీపట్నం మీదుగా నరసాపురం చేరి, తెలుగు నేర్చుకుని, గోదావరి డెల్టాలోనే బతుకు గడిపారు.

ఇక ఆ జట్టుతోనే వచ్చిన హెర్మన్ గుండర్ట్. కలకత్తా వెళ్తామనుకుని ఓడలోనే బెంగాలీ, హిందూస్తానీ, తెలుగు మొదలుపెట్టిన కుర్రాడు. ఓడ దిగాక ఉండిపోయింది మద్రాసు వైపు. తిరునల్వేలిలో తమిళం, చిత్తూరులో పెళ్లి, 1838లో గ్రోవ్స్‌తో తెగతెంపులు. అక్కణ్ణుంచి మంగళూరు, ఆపైన తలశ్శేరి. 1872లో ఆయన మలయాళ నిఘంటువు అచ్చయింది. మలయాళం చదివేవాళ్లు ఇవాళ్టికీ దాన్ని తిరగేస్తారు. చిత్తూరు రోజులు దండగ అని ఎవరనగలరు? పక్కభాషలు చెవిన పడి ఉన్నవాడికే కదా మలయాళంలో ఒక మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసేది!

ఇప్పుడు మిమ్మల్ని తిట్టాలి. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నప్పుడు మీ బయోడేటాలు చూస్తుంటాను. ఎక్కడో ఏడాది, ఏడాదిన్నర ఖాళీ కనిపిస్తుంది. గుచ్చిగుచ్చి అడిగితే, శ్రీపెరుంబుదూరులో కంపెనీ మూతపడిందండీ అనో, స్కీము ఆగిపోయిందండీ అనో తలవంచుకుని గొణుగుతారు. ఏం నేర్చుకున్నావమ్మా అంటే "ఏం లేదు సార్" అంటారు. ఏం లేకపోవడమేమిట్రా! మూతపడింది కంపెనీ, మీ బుర్ర కాదు. ఏడాది పాటు మీ చేతులు చేసిన పనిని తప్పు చేసినట్టు దాచుకుంటారా? నేనూ దాచాను కాబట్టే ఇంత కోపం.

మా నలుగురిలో ఒకాయన గుమ్మిడిపూండిలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. చదువురాని కూలీలకు జీతం చీటీ చదువుకోవడం నేర్పాడు, రాత్రిబడి పద్ధతిలోనే. ఒకావిడ పళ్లిపట్టు దగ్గర హెడ్‌మిస్ట్రెస్ అయింది. మూడో ఆయన జాడ నాకు తెలీదు, వెతకాల్సినప్పుడు వెతకలేదు. ఆ తప్పు మీరు చేయకండి. ఈ హాలు దాటకముందే ఒకరి ఊరు ఒకరు రాసుకోండి. ఫోన్ నంబర్లు మారిపోతాయి, ఊళ్లు మారవు.

నా సంగతి ఈ నోటు పుస్తకంలో ఉంది. అట్ట చిరిగింది, చూడండి. రాత్రిబడికి వచ్చినవాళ్ల నోట విన్న మాటలివి: పడుగు, పేక, నాడె, కండె, అచ్చు. మొత్తం నలభై మూడు పేజీలు. పన్నెండేళ్లు పెట్టెలో పడేసి, నేత మాటల మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు పైకి తీశాను. చివరి పేజీలో ఆ పెద్దాయన పేరు నా చేత్తో రాసి ఉంది, ఐదక్షరాలూ. మర్నాడు పలక మీద దిద్దించాలని రాసుకున్నది.

దీన్ని మీ లైబ్రరీకి ఇస్తున్నాను. కళ్లజోడు లేకపోయినా చదవగలిగే వయసు మీది, వెళ్లి చూడండి. ఇక లేవండి, మీ అమ్మానాన్నలు ఫోటో కోసం ఎదురుచూస్తున్నారు.