ఇంటికప్పుపై సౌరవిద్యుత్తు: వ్యయము, లాభము

  

నేడు నేను విన్నవింపదలచినది మన యిండ్ల కరెంటు బిల్లును గూర్చి. పండితుడై యీతనికి మీటర్ల గొడవ యేలయని కొందఱు నవ్వవచ్చును. బిల్లు పండితునకును వచ్చుచున్నది.

2024వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున కేంద్రప్రభుత్వమువారు పీఎం సూర్యఘర్ పథకమును ప్రారంభించి, కోటి యిండ్ల కప్పులపై సౌరఫలకములు నిలుప సంకల్పించిరి. ఒక కిలోవాటునకు 30,000, రెంటికి 60,000, మూడింటికిని అంతకు మించినవానికిని 78,000 రూపాయలు సబ్సిడీ. విశాఖపట్టణమున నెట్ మీటరు నమర్చునది తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. పగలు మన కప్పుపై పుట్టిన మిగులు కరెంటు వారి తీగలలోనికి బోవును. రాత్రి మనకు వలసినది అందుండి వచ్చును. మీటరు రెంటిని లెక్కించును. సూర్యుడు భూజలమును గ్రహించి వర్షముగా మరలనిచ్చునని కవులు రాజుల పన్నులకు జెప్పిన యుపమానము ఈ మీటరునకును చక్కగా నతుకును.

అయినను లాభ మందఱకు నొక్కటి కాదు. 2024-25 రేట్లలో మొదటి 30 యూనిట్లకు యూనిటు 1.90 రూపాయలు, తరువాత 75 వఱకు 3, 125 వఱకు 4.50, 225 వఱకు 6, 400 వఱకు 8.75. నెలకు 300 యూనిట్లు వాడు గృహస్థునకు, ఇతర రుసుములు గాక, 1,673 రూపాయలగును. రెండు కిలోవాట్ల ఫలకములు దినమునకు ఎనిమిది యూనిట్ల వంతున 240 ఇచ్చినచో, మిగిలిన 60 యూనిట్లకు 147 రూపాయలే. ఏటికి పదునెనిమిదివేలకు పైగా మిగులును. ఖర్చు లక్షా ముప్పదివేలనుకొన్నను, సబ్సిడీ పోగా 70,000, నాలుగేండ్లలో తీరును. నెలకు 100 యూనిట్లే వాడువాని బిల్లు 305 రూపాయలు. వాడు 70,000 పెట్టి ఒక కిలోవాటు వేసినచో, సబ్సిడీ పోయినను పదునొకండేండ్లు వేచియుండవలయును. పొరుగువాడు వేసెనని వేయుట వానికి దగదు.

మన యూరి సంగతి వేఱు. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును దినును. రేవు సమీపమున బొగ్గుధూళి ఫలకములపై పేరుకొని ఉత్పత్తిని తగ్గించును. తఱచు నీటితో కడుగవలెను. 2014 అక్టోబరు 12వ తేదీ నాటి హుద్‌హుద్ గాలిని మఱవనివారు, చవుకయని పలుచని ఊచలకు బిగింపనీయరు. మఱియొకటి: బ్యాటరీ లేని యీ యమరికలు వీధిలో కరెంటు పోయినంతనే తామును ఆగిపోవును. తీగలపై పనిచేయు కార్మికుని ప్రాణరక్షణకై చేసిన యేర్పాటిది. తుపానురాత్రి దీపములు వెలుగునని యమ్మువాడు చెప్పినచో నమ్మకుడు.

అసలు చిక్కు సబ్సిడీ ముందుగా రాకపోవుటలో నున్నది. పని ముగిసి, తనిఖీ యైన పిదపనే అది బ్యాంకు ఖాతాలో పడును. పూచీకత్తు లేని బ్యాంకు ఋణములు గలవుగాని, అప్పన్న జంకువారు మనలో పెక్కురు. కనుక నెలకు 200 యూనిట్లు దాటు వాడకముండియు చేత రొక్కములేని పది కుటుంబములకు మన సంఘము 60,000 వంతున చేబదులిచ్చి, సబ్సిడీ రాగానే తిరిగి పుచ్చుకొనవచ్చును. ఆఱులక్షలు చాలును, ఆ సొమ్మే మరల వేఱు పదిమందికి అక్కరకు వచ్చును. ఈ మహాసభ భోజనవ్యయమును రెండు పిండివంటలకు కుదించినను కొంత కూడును. ఈ తీర్మానమును కార్యవర్గమునెదుట ప్రవేశపెట్టుటకు పోషకుల యనుమతి వేడుచున్నాను.